సూదిలో దారం ఎక్కించిన దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు ఊరికే చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. తెనాలిలో టైలర్, ఆయనకి చూపు మందగించడం, కూతురు రోజూ కాలేజీకి వెళ్లేముందు పది సూదుల్లో దారం ఎక్కించి ఓ గుడ్డముక్కకి వరసగా గుచ్చి పెట్టి వెళ్లడం. ఇది నువ్వు ఎక్కడో కళ్లారా చూసి ఉంటావు. ఊహించి రాస్తే ఇలా రాదు. కానీ ఆ సూదులు నాలుగో పేజీకి గానీ రాలేదు. మొదటి మూడు పేజీలూ ఊరి చరిత్ర, ఆయన తండ్రి చరిత్ర, వీధి వర్ణన. అంతవరకు ఎవరైనా ఎందుకు ఆగాలి?

ఈ ప్రశ్న నాకు గట్టిగా తగిలిన రోజు ఒకటుంది. కొన్నేళ్ల కింద డిసెంబర్లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. వాళ్లుండేది మినియాపొలిస్‌లో. అక్కడ వాకర్ ఆర్ట్ సెంటర్ అని ఒక మ్యూజియం ఉంది. బ్రిటన్‌లో మంచి టీవీ ప్రకటనలకి బ్రిటిష్ యారోస్ అని అవార్డులిస్తారు. గెలిచిన యాడ్స్‌ని ఒకచోట కూర్చి, ఏటా చలికాలంలో ఆ మ్యూజియం హాల్లో వేస్తారు. 1980ల నుంచీ నడుస్తున్న ఆనవాయితీ అది. ‘టికెట్ కొనుక్కుని మరీ యాడ్స్ చూడటమేంటమ్మా’ అన్నాను. ‘రా నాన్నా, నీకు నచ్చుతుంది’ అంది.

ఎదురుగా తోటలో పెద్ద చెంచా, దాని కొసన చెర్రీపండు ఉన్న శిల్పం ఉంటుంది. ఆ సాయంత్రం చెంచా నిండా మంచు. లోపల హాలు కూడా నిండిపోయింది. ఇంట్లో యాడ్ రాగానే రిమోట్ అందుకునే జనమే, కోట్లు ఒళ్లో పెట్టుకుని గంటకు పైగా కదలకుండా కూర్చున్నారు. నవ్వాల్సిన చోట హాలంతా నవ్వింది. మా ముందు వరసలో ఒక పెద్దాయన, ఒక యాడ్ అయిపోగానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంతా కలిపి నిమిషం కూడా లేదది.

యాడ్ రాసేవాడికి ఒక సంగతి బాగా తెలుసు. తనకోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. జనం సీరియలో మ్యాచో చూస్తుంటే తను మధ్యలో వచ్చి అడ్డం పడుతున్నాడు. అందుకని మొదటి క్షణం నుంచీ వాళ్ల సమయానికి విలువిస్తాడు. మనం, కథలు రాసేవాళ్లం, పత్రిక తెరిచినవాళ్లు మన కథ చదివి తీరతారనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని రాశాను.

ఇంటికొచ్చాక రాత్రి చాలాసేపు అమ్మాయీ నేనూ పాత బ్రిటిష్ యాడ్స్ వెతికి చూశాం. వాళ్ల టీవీలో మొట్టమొదటి యాడ్ 1955 సెప్టెంబర్ 22న వచ్చింది, గిబ్స్ ఎస్సార్ టూత్‌పేస్ట్‌ది. ఐసుగడ్డలో ట్యూబు, వెనకనుంచి దాని గుణగణాలు చెప్పే గొంతు. అంతా చెప్పడమే. అక్కణ్ణుంచి ముప్ఫై ఏళ్లు దాటి 1986లో గార్డియన్ పత్రిక కోసం తీసిన యాడ్ చూడు. నలుపు తెలుపు, అర నిమిషం, సంగీతం లేదు. తల నున్నగా గొరిగించుకున్న కుర్రాడు వీధిలో పరిగెడుతుంటాడు. వెనక కారొకటి వస్తోంది, దానికి భయపడి పారిపోతున్నాడనిపిస్తుంది. ఇంకో వైపు నుంచి చూస్తే, బ్రీఫ్‌కేసు పట్టుకున్న పెద్దమనిషి మీదికి దూకుతున్నాడు, దొంగ అనుకుంటాం. మూడోసారి పైనుంచి చూపిస్తారు. ఆ పెద్దమనిషి నెత్తిమీద ఇటుకల కుప్ప ఒరిగిపోతోంది. కుర్రాడు ఆయన్ని గోడవైపు లాగి కాపాడుతున్నాడు.

ఇటుకల సంగతి ముందే చెప్పేసి ఉంటే అందులో ఏం మిగిలేది? నీ కథలో అమ్మాయి నాన్న గల్లాపెట్టెలోంచి డబ్బు తీసే సీనుంది. తీయకముందే ‘నాన్న కళ్లద్దాల కోసం’ అని రాసేశావు. ఆ మాట కొట్టెయ్. గుండీలు కుట్టించుకోడానికి వచ్చిన పక్కింటావిడ అది చూడనీ. ఏమనుకుంటుందో అనుకోనీ. పాఠకుణ్ణి కూడా కాసేపు ఆవిడతో నిలబెట్టు.

ఇంకొకటి 2011లో జాన్ లూయిస్ అనే దుకాణాల వాళ్లు క్రిస్మస్‌కి తీసింది. ఒక పిల్లాడు పండగ కోసం రోజులు లెక్కపెడుతుంటాడు. గడియారం కదలదు, వాడికి కాలు నిలవదు. బహుమతుల మీద ఆశ అనుకుంటాం. తీరా పండగ పొద్దున తన మంచం దగ్గరున్న బహుమతులన్నీ దాటుకుని పోయి, అల్మారాలోంచి ఒక పొట్లం తీస్తాడు. కాగితం ఎలాపడితే అలా చుట్టి ఉంటుంది. అది పట్టుకుని అమ్మానాన్నల గదికి వెళ్తాడు. వాడికి ఒక్క డైలాగ్ లేదు. సరిగ్గా చుట్టడం రాని ఆ పొట్లం చూశాకే నాకు గొంతు పట్టేసింది.

నువ్వూ కళ్లద్దాలు ఇచ్చే సీను రాశావు. కానీ అక్కడ తండ్రి చేత అరపేజీ మాట్లాడించావు. టైలర్ కదా, కళ్లద్దాలు పెట్టుకోగానే ముందు ఏం చూస్తాడు? తను నిన్న వేసిన కుట్టే చూసుకుంటాడని నాకనిపిస్తోంది. అది వంకరగా ఉంటే ఏం చేస్తాడు? నువ్వే తేల్చుకో.

ఇవన్నీ చూసి యాడ్‌లాగే రాయమంటున్నానని అనుకోకు. ఎంత కదిలించినా వాళ్లు చివర కంపెనీ పేరు వెయ్యాలి, సరుకు అమ్మాలి. 2003లో హోండా కోసం తీసిన రెండు నిమిషాల యాడ్‌లో కారు భాగాలు ఒకదాన్నొకటి తాకుకుంటూ కదులుతాయి. 606 టేకులు పట్టిందని చెప్తారు. అంత ఓపికా చివరికి కారును చేరడానికే. నీ కథకి ఆ బాధ్యత లేదు, నువ్వేమీ అమ్మక్కర్లేదు. మరి చివర్లో ‘ఆడపిల్ల భారం కాదు, భాగ్యం’ అని పేరా ఎందుకు? ఆ మాట నిజమే, నీకు దానిమీద ఎంత పట్టుదలో నాకు తెలుసు. కానీ అక్కడ అది కంపెనీ బోర్డులా వేలాడుతోంది. పది సూదులు గుచ్చిన అమ్మాయి ఆ సంగతి ఎప్పుడో చెప్పేసింది.

606 టేకులు అక్కర్లేదు గానీ, ఇంకో నాలుగుసార్లు తిరగరాయి. సూదుల దగ్గర మొదలుపెట్టు. తాత చరిత్రలో నిజంగా కావాల్సింది ఆ పాత కుట్టుమిషన్ ఒక్కటే, దాన్ని ఉంచు.

సంక్రాంతికి ఊరొస్తున్నాను, అప్పటికి రాసి తీసుకురా. అన్నట్టు, సూదులు గుచ్చే గుడ్డముక్క ఏ రంగో రాయలేదు నువ్వు. ఎవరి బట్టల్లో మిగిలిన ముక్కో కూడా కనుక్కుని రాయి.

నీ మేలు కోరే
మాస్టారు