సలహా చెప్పే యాప్‌కు తెరంతా ఎందుకు?

ప్రశ్న: ఫోన్‌లో ఉత్త చిప్స్‌తో పోకర్ టోర్నమెంట్లు ఆడుతా, పైసలు పెట్టను. దోస్తు టెలిగ్రామ్‌ల పంపిన సలహా యాప్ వేసుకున్న. ఎనిమిదుల జత వస్తే చాలు, 'ఆల్-ఇన్' (ఉన్న చిప్సన్నీ పెట్టు) అంటది. పెడితే సగంసార్లు బయటికే. యాప్ తప్పా, నా ఆట తప్పా?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆట పేరు మారుతుందేమో గానీ, 'సలహా యాప్' ఉత్తరాలు మాత్రం ఆగడం లేదు.

ముందు ఆట సంగతి. ఎదుటివాడి చేతిలో ఆసు, రాజు ఉంటే ఎనిమిదుల జత గెలిచేది నూటికి 55 సార్లకు అటూ ఇటూ. వాడిది మీకన్నా పెద్ద జతైతే 20 సార్లే. కాబట్టి సగంసార్లు పోవడం వింతేం కాదు. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం. అలాంటివి పదికి సరిపడా చిప్సే మిగిలి, మీకన్నా ముందు అందరూ ముక్కలు పడేస్తే ఆల్-ఇన్ సబబే. ఎవరూ రాకపోతే బ్లైండ్లు ఊరికే మీవి. నలభై బ్లైండ్లుంటే అంత తొందరెందుకు? కొంచెం పెంచి ఫ్లాప్ (అందరికీ కలిపి బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) చూడండి. నూటికి 87 సార్లు ఎనిమిదికన్నా పెద్ద ముక్క ఒకటైనా పడుతుంది. అప్పుడు జతను వదులుకోవడానికి మనసొప్పాలి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూస్తే, ఆ యాప్ లెక్కలోకి తీసుకునేవి రెండే: ముక్కలు, చిప్స్. ముందే ఎవరైనా ఆల్-ఇన్ పెట్టారా అన్నది దానికి పట్టదు! మనం మొదట పెట్టడానికి చాలే జత, ఇంకొకరు పెట్టాక 'కాల్' కొట్టడానికి (వాళ్లంత పెట్టి ఆటలో ఉండడానికి) చాలకపోవచ్చు. ఇంకొక్కరు పోతే మిగతా అందరికీ బహుమతి అనే దశలో అయితే మరీను. ఇది కూడా తెలియనిదాన్ని సలహా యాప్ అని ఎలా అంటాం?

నన్ను భయపెట్టింది వేరే. స్క్రీన్‌షాట్‌లో దానికి యాక్సెసిబిలిటీ అనుమతి ఆన్‌లో ఉంది. చూపు లేనివారికి తెర చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన సౌకర్యం అది. అది చేతికొస్తే తెర మీద కనబడే మెసేజ్, అందులోని ఓటీపీ చదవొచ్చు, మీ బదులు బటన్లూ నొక్కొచ్చు. ఇలా బయటినుంచి వచ్చే ఏపీకేలకు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైళ్లకు) ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ అనుమతిని ఫోనే మొదట ఆపుతుంది. 'అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' నొక్కి ఆ అడ్డు తీసింది మీరే అయ్యుండాలి. ఇప్పుడే నెట్ ఆపి, ఆ అనుమతి తీసేసి, తర్వాత యాప్ తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో పైసలు కదిలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అందులో 'లొకేషన్ మార్చు' బటన్ కూడా ఉంది. ఉత్త చిప్స్ ఆటకు అదెందుకు? తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ పేకాట 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మీరు వేరేచోట ఉన్నట్టు చూపించే ఆ బటన్ పైసల టేబుళ్ల కోసమే అయ్యుండాలి. ఎవరు నొక్కమన్నా నొక్కకండి.

ఈ ఆటలు తయారుచేసేవాళ్లకూ ఒక మాట. అప్‌డేట్ వచ్చిందంటే బటన్ల చోటు మారుస్తారు. నిన్న 'ఫోల్డ్' (ముక్కలు పడేయడం) ఉన్నచోట ఇవాళ 'ఆల్-ఇన్'. వేలు జారితే చిప్సన్నీ పోతాయి, 'నిజంగానే పెడతారా?' అని అడగనైనా అడగరు. ప్రకటన మూసేద్దామంటే మాత్రం మూడుసార్లు అడుగుతారు.