పనోరమా గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి,

నీ వ్యాసం చిత్తుప్రతి నిదానంగా చదివాను. చేత్తో కెమెరా పట్టుకుని పనోరమా (పక్కపక్కన తీసిన ఫొటోలను కలిపి చేసే వెడల్పాటి చిత్రం) తీయడం, ఆ ఫ్రేములను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలపడం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడం నాకెంతో సంతోషం. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ వ్యాసంలో ముప్పాతిక భాగం ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలో చెప్పడానికే పోయింది. ఆ బటన్ రేపు ఇంకో వెర్షన్‌లో ఇంకో చోటికి పోతుంది. పైగా హుగిన్ అనే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మామూలు పని మూడు మెట్లలో అయిపోతుంది: ఫొటోలు లోడ్ చేయడం, అలైన్ చేయడం (ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిర్చడం), పనోరమా తయారు చేయడం. అంతా సాఫీగా జరిగితే పాఠకుడికి నీ అవసరమే రాదు. రెయిలింగ్ మధ్యలో తెగిపోయినప్పుడు, ఒకే మనిషి రెండు చోట్ల కనిపించినప్పుడు, సముద్రపు అంచు అలలా వంగిపోయినప్పుడు నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. అప్పుడు అతను అడిగేది "ఇలా ఎందుకైంది" అని. దానికి నీ వ్యాసంలో జవాబు లేదు.

మొదటి పేజీలోనే చెప్పాల్సిన మాట ఒకటుంది. కెమెరా ఎంత తిరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టి సరిచేస్తుంది. కెమెరా ఉన్న చోటు నుంచి పక్కకు జరిగితే మాత్రం దాన్ని పూర్తిగా సరిచేయడం దానివల్ల కాదు. మిగతా విషయమంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

దీన్ని పాఠకుడి చేతనే చేయించు. ఒక కన్ను మూసి, బొటనవేలిని ముఖానికి ఎదురుగా పెట్టి, తలను కాస్త పక్కకు జరపమను. వేలు వెనక ఉన్న గోడ మీద వేలి చోటు మారిపోతుంది. ఇంతకుముందు వేలి చాటున ఉన్నది ఇప్పుడు కనిపిస్తుంది, కనిపించింది దాక్కుంటుంది. దీన్నే పారలాక్స్ అంటాం. ఒక ఫ్రేములో అసలు కనిపించని దాన్ని ఏ ప్రోగ్రామూ ఇంకో ఫ్రేములోకి తెచ్చి అతికించలేదు.

తర్వాత అంకెలు చూపించు. మామూలు ఫోన్ కెమెరా, అంటే 28 మిల్లీమీటర్లకు సమానమైన లెన్స్, నిలువుగా పట్టుకుంటే అడ్డంగా సుమారు 50 డిగ్రీలు చూస్తుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఆ వైపు 3000 పిక్సెళ్లు ఉంటాయి. డిగ్రీకి 60 పిక్సెళ్లన్నమాట. ఇప్పుడు కెమెరా 5 సెంటీమీటర్లు పక్కకు జరిగిందనుకో. వంద మీటర్ల దూరంలోని చెట్టు రెండు పిక్సెళ్లు కూడా కదలదు. రెండు మీటర్ల దూరంలోని స్తంభం 80 పిక్సెళ్లకు పైగా జరుగుతుంది. కొండలూ సముద్రమూ చేత్తో తీసినా ఇట్టే అతుక్కుంటాయి, ఇంటి లోపలి గది మాత్రం ఎంత తంటాలు పడినా కలవదు. ఎందుకో ఈ రెండు అంకెలే చెప్పేస్తాయి. చేత్తో తీయాలా, ట్రైపాడ్ తేవాలా అన్నది కెమెరా ధరను బట్టి కాదు, దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

అందుకే "నిలబడిన చోటే గుండ్రంగా తిరుగుతూ తీయండి" అని నువ్వు రాసిన వాక్యాన్ని మార్చు. అలా తిరిగితే ఇరుసు మన వెన్నెముక అవుతుంది, కెమెరా దాని చుట్టూ తిరుగుతుంది. వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న కెమెరా, మనం 30 డిగ్రీలు తిరిగేసరికి 20 సెంటీమీటర్లు జరిగిపోతుంది. జరగాల్సింది దీనికి తలకిందులు. కెమెరా ఒక్కచోట ఉండాలి, మనం అడుగులు వేస్తూ దాని చుట్టూ తిరగాలి. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఎదురుగా గాల్లో ఒక మేకు ఉందనుకుని, లెన్స్‌ను దాని మీదే నిలిపి చుట్టూ నడిస్తే కొద్దిరోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే దారం వాడొచ్చు. లెన్స్ ముందు భాగానికి ఒక దారం కట్టి, దాని కొసకు చిన్న బరువు వేలాడదీసి, నేల మీద ఒక గుర్తు పెట్టుకోవాలి. ప్రతి ఫ్రేముకూ ఆ బరువు గుర్తు మీదే ఉండేలా చూసుకుంటే చాలు. దీనికి ఫిలోపాడ్ అనే పేరుంది. ట్రైపాడ్ పెట్టనివ్వని చోట్ల ఇది చాలా ఉపయోగం. దారం ఎక్కడ కట్టాలో కూడా చెప్పు. తిరగాల్సిన అసలు కేంద్రం లెన్స్ ఎంట్రెన్స్ ప్యూపిల్, అంటే ముందు నుంచి చూస్తే లెన్స్ లోపల అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) కనిపించే చోటు. సెన్సర్ ఉన్న చోటు కాదు, కెమెరా కింద ట్రైపాడ్ మర బిగించే చోటు కూడా కాదు. దాన్ని కనిపెట్టడం తేలిక. దగ్గర్లో నిలువుగా ఉన్న ఒక వస్తువును, దాని వెనక దూరంగా ఉన్న ఇంకో వస్తువును ఒకే వరుసలో పెట్టుకుని కెమెరాను అటూ ఇటూ తిప్పాలి. రెండూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోకుండా ఉంటే కేంద్రం దొరికినట్టే.

ఓవర్‌లాప్, అంటే పక్కపక్క ఫ్రేములు రెంటిలోనూ వచ్చే భాగం గురించి నువ్వు రాసింది సరిపోతుంది, 30 శాతం మంచి లెక్క. అయితే దాన్ని ఫ్రేముల సంఖ్యలోకి మార్చి చూపించు. పైన చెప్పిన లెన్స్‌కు ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు 35 డిగ్రీలు వస్తాయి. 180 డిగ్రీలకు 5 ఫ్రేములు, పూర్తి చుట్టుకు 11. చేత్తో తీసేటప్పుడు ఫ్రేములు పైకీ కిందకీ అవుతాయి, కత్తిరింపులో పైనా కిందా కొంత పోతుంది, అందుకే నిలువుగా పట్టుకోమంటాం. ఈ కారణాన్ని కూడా చేర్చు.

ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) దగ్గర నువ్వు తొందరపడ్డావు. "మాన్యువల్ మోడ్‌లో పెట్టండి" అనేసి ముందుకు వెళ్లిపోయావు. ఆటోలో ఉంటే సూర్యుడి వైపు ఫ్రేము ఒక వెలుగులో, ఎదురు దిక్కు ఫ్రేము ఇంకో వెలుగులో వస్తాయి, ఆకాశంలో పట్టీలు పడతాయి. హుగిన్ ఈ తేడాను చాలావరకు సర్దగలదు. వెలుగు, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు), లెన్స్ మూలల్లో పడే నీడ, వీటన్నిటికీ అందులో లెక్కలున్నాయి. కానీ తెల్లగా మాడిపోయిన మబ్బును ఏ లెక్కా తిరిగి తీసుకురాలేదు. కాబట్టి దృశ్యంలో వివరం పోకూడని అతి ప్రకాశమైన చోట కొలిచి, ఆ విలువనే చివరిదాకా ఉంచమను. వైట్ బ్యాలెన్స్, ఫోకస్ కూడా లాక్ చేయాలి. ఫోన్‌లో ముందే ఉన్న కెమెరా యాప్ ఈ లాక్ ఇవ్వకపోతే ఆండ్రాయిడ్‌కు ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది.

లెన్స్ ముందు బిగించి ఆకాశాన్ని ముదురు నీలంగా చేసే పోలరైజర్ ఫిల్టర్ సంగతి నువ్వు అసలు ఎత్తలేదు, తప్పకుండా రాయి. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశపు కాంతి ఎక్కువగా పోలరైజ్ అయి (తరంగాలు ఒకే దిశలో ఊగుతూ) ఉంటుంది, మిగతా వైపుల తక్కువ. ఒక్క ఫొటోలో ముదురు నీలం ఎంతో బాగుంటుంది. పనోరమాలో మాత్రం ఆకాశం మధ్యలో ఒక నల్లటి మచ్చలా నిలుస్తుంది. దాన్ని తర్వాత తీసేయడం మహా కష్టం.

ఇక సాఫ్ట్‌వేర్. ఉచితం కాబట్టి వాడమని చెప్పి ఊరుకోకు, దీని వెనక ఉన్న మనుషుల గురించి రెండు మాటలు రాయి. జర్మనీలో ఆచార్యుడిగా పనిచేసిన హెల్ముట్ డెర్ష్ 1998లో పనోరమా టూల్స్ రాశాడు. పాబ్లో డాంజెలో మొదలుపెట్టిన హుగిన్ ఆ పునాది మీదే లేచింది. అతుకులు కలిపే ఎన్‌బ్లెండ్‌ను ఆండ్రూ మిహాల్ రాశాడు. ఫొటోల్లో పోలికలు వెతికే సిఫ్ట్ పద్ధతిని డేవిడ్ లోవ్ 1999లో ప్రచురించాడు గానీ దానికి అమెరికాలో పేటెంట్ ఉండేది, 2020లో గానీ అది ముగియలేదు. అందుకని హుగిన్ బృందం పేటెంట్ బెడద లేని సీపీఫైండ్‌ను సొంతంగా తయారు చేసుకుంది. ఒకరి పని మీద ఒకరు కట్టుకుంటూ వచ్చి, మొత్తం సోర్స్ కోడ్‌ను అందరి ముందూ పెట్టారు. నాకు ఈ పని మీద ఇంత ప్రేమ ఉండడానికి అదొక ముఖ్యమైన కారణం.

కంట్రోల్ పాయింట్ల దగ్గర మాత్రం నిలబడి రాయి, ఎన్ని పేజీలైనా పర్వాలేదు. రెండు ఫ్రేముల్లోనూ కనిపించే ఒకే చోటు, ఉదాహరణకు కిటికీ మూల, కొమ్మ చీలిన చోటు, ఒక కంట్రోల్ పాయింట్. ఇలాంటివి కొన్ని పదులు పోగుచేసి, ప్రతి ఫ్రేమూ ఎంత పక్కకు తిరిగింది, ఎంత పైకి లేచింది, ఎంత ఒరిగింది అని హుగిన్‌లో లెక్కలు చేసే భాగమైన ఆప్టిమైజర్ లెక్కగడుతుంది. చివర్లో పాయింట్ల మధ్య మిగిలిన దూరం సగటున ఎన్ని పిక్సెళ్లో చూపిస్తుంది. రెండు, మూడు పిక్సెళ్లుంటే హాయిగా ఉండొచ్చు. చేత్తో తీసినవాటికి అయిదు వచ్చినా టెన్షన్ పడక్కర్లేదు. నలభై వచ్చిందంటే ఎక్కడో ఏదో అబద్ధం చెబుతోంది.

ఆ అబద్ధం చెప్పేవాటిని పట్టుకోవడం నేర్పు. మబ్బులు కదులుతాయి, అలలు కదులుతాయి, ఆకులు ఊగుతాయి, మనుషులు నడుస్తారు. వాటి మీద పడ్డ పాయింట్లన్నీ తీసేయాలి. మబ్బుల మీదివి ఏరేయడానికి హుగిన్‌లో సెలెస్ట్ ఉంది, లెక్కకు బాగా దూరంగా ఉన్నవాటిని సీపీక్లీన్ తీసేస్తుంది. వీటిని దాటిన చిక్కు ఇంకొకటుంది, చేత్తో తీసేవాళ్లందరికీ ఎదురయ్యేది ఇదే. కెమెరా కొంచెం జరిగింది కాబట్టి దగ్గరి నేల మీది పాయింట్లు ఒక జవాబు చెబుతాయి, దూరపు కొండ మీదివి ఇంకో జవాబు చెబుతాయి. రెండూ నిజమే. ఆప్టిమైజర్ రెంటికీ మధ్యన ఎక్కడో ఆగుతుంది, అప్పుడు కొండా కలవదు, నేలా కలవదు. ఇక్కడ మనిషి నిర్ణయం తీసుకోవాలి. దూరపువి ఉంచి దగ్గరివి తీసేస్తే కొండ, ఊరు, ఆకాశం బిగిసి కూర్చుంటాయి. నేల మీద తేడా మిగులుతుంది. ఆ నేల గడ్డో ఇసుకో అయితే ఎన్‌బ్లెండ్ దాన్ని కనబడనీయదు. పలకలు పరిచిన నేలైతే మాత్రం గీతలు విరిగినట్టు కనిపిస్తాయి. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ఈ ఉదాహరణలతో చూపిస్తే, ఇప్పుడున్న మెనూ వివరణలన్నీ తీసేసినా లోటు తెలియదు.

ఎన్‌బ్లెండ్ అంత బాగా ఎలా దాస్తుందో కూడా రాయి. దాని వెనక ఉన్నది బర్ట్, ఏడెల్సన్ 1983లో ప్రచురించిన ఆలోచన. ఫొటోను ముతక వివరం, సన్న వివరం అని పొరలుగా విడగొడతారు. ఆకాశపు రంగు లాంటి నెమ్మదిగా మారే వాటిని వెడల్పాటి పట్టీలో కలుపుతారు, ఆకుల అంచుల్లాంటి వాటిని చాలా సన్నటి గీత దగ్గర కలుపుతారు. అందుకే రంగులో మెట్టు కనిపించదు, ఆకులు రెండుగా మసకబారవు.

కదిలే మనుషుల విషయానికి వస్తే, ఫొటో తీసేటప్పుడే మందు వేయడం మంచిది. నువ్వు కెమెరా తిప్పే దిక్కులోనే నడిచే మనిషి ప్రతి ఫ్రేములోనూ వస్తాడు. కాసేపు ఆగు, లేదా అతను దాటిపోయాక అదే ఫ్రేము ఇంకోసారి తీసి ఉంచుకో. అప్పుడు హుగిన్ మాస్కుల్లో ఒక ఫ్రేములో అతన్ని ఉంచమని, పక్క ఫ్రేములో వదిలేయమని గీసి చెప్పొచ్చు.

ప్రొజెక్షన్ల మీద నువ్వు రాసింది మరీ పట్టికలా ఉంది. గోళం మీది దృశ్యాన్ని చదును కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు, ప్రపంచ పటం గీసేవాళ్లకున్న ఇబ్బందే ఇది. అక్కడ మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుంది. రెక్టిలీనియర్‌లో తిన్నని గీతలన్నీ తిన్నగానే ఉంటాయి గానీ 100 డిగ్రీలు దాటేసరికి అంచుల్లోని మనుషులు విపరీతంగా సాగుతారు. సిలిండ్రికల్ ఎంత వెడల్పైనా మోస్తుంది, నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. కానీ ఎదురుగా ఉన్న పొడవాటి గోడ పైఅంచు విల్లులా వంగుతుంది. వీధుల్లో, పెద్ద భవనాల లోపల పనీనీ వాడి చూడమను. 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడి పేరు పెట్టిన ఈ ప్రొజెక్షన్‌లో నిలువు గీతలూ, లోపలికి మధ్య బిందువు వైపు పోయే గీతలూ వంగవు. అందుకే చాలా వెడల్పాటి దృశ్యం కూడా కంటికి సహజంగా అనిపిస్తుంది.

సముద్రపు అంచు వంగిందని వాపోయేవాళ్లకు ఒకే ఒక్క కారణం చెప్పు: ఏది అడ్డమో ఏది నిలువో సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు. భవనం అంచు మీద పైన ఒకటి, కింద ఒకటి పాయింట్ పెట్టి "ఇది నిలువు గీత" అని చెబితే చాలు. అలాంటివి పనోరమా పొడవునా నాలుగైదు ఉంటే మొత్తం నిటారుగా నిలుస్తుంది.

ఫొటోలను హుగిన్‌కు ఇచ్చే ముందు కత్తిరించొద్దని పెద్ద అక్షరాల్లో రాయి. కత్తిరిస్తే లెన్స్ కేంద్రం ఫొటో మధ్యలో ఉండదు, లెక్కలన్నీ తప్పుతాయి. రా ఫైళ్లను (కెమెరా మార్పులేమీ చేయకుండా దాచిన ఫొటోలను) డార్క్‌టేబుల్‌లోనో రాథెరపీలోనో (ఇవీ ఉచిత సాఫ్ట్‌వేర్లే) మామూలు ఫొటోలుగా మార్చేటప్పుడు అన్ని ఫ్రేములకూ ఒకే సెట్టింగులు ఉండాలి.

వ్యాసంలో నువ్వు పెట్టిన బొమ్మలన్నీ చక్కగా కుదిరినవే. వాటిలో సగం తీసేసి, కుదరనివి పెట్టు. తెగిన రెయిలింగ్, రెండుగా కనిపించే మనిషి, పట్టీలు పడ్డ ఆకాశం. ఒక్కో దాని పక్కన కారణం, తర్వాత సరిచేసినది. పాఠకుడు తన ఫొటోలోని జబ్బును అక్కడ గుర్తుపట్టాలి. వీలైతే ఒక పనోరమా అసలు ఫ్రేములను, దాని పీటీవో ఫైలుతో (హుగిన్ తన లెక్కలు దాచుకునే ఫైలు) సహా వ్యాసంతో పాటు ఇవ్వు. ఆ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి ప్రతి ఫ్రేము కోణాలనూ చదువుకోవచ్చు. నువ్వు ఏ పాయింట్లు ఉంచావో, ఏవి తీసేశావో వాళ్లు స్వయంగా చూసి, మార్చి, మళ్లీ కలిపి చూసుకుంటారు.

రెండో ప్రతి పంపేటప్పుడు కంట్రోల్ పాయింట్ల భాగం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
ఉంటాను.