వాపు తగ్గింది, గడ్డలు మళ్లీ పడ్డాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు రెండు జెర్సీ ఆవులు. పెద్దది రెండో ఈత, ఈని నెలన్నర. పూటకు 6 లీటర్లు ఇచ్చేది. పది రోజుల కింద ఎడమవైపు వెనక చన్ను వాచి పాలలో తెల్లటి గడ్డలు పడ్డాయి. ఊళ్లో ఇంజెక్షన్లు వేసే అతను రెండు రోజులు సూది వేసి, చన్నులోకి మందు ట్యూబు ఎక్కించాడు. వాపు తగ్గిందని ఆపేశాం. ఇప్పుడు మళ్లీ గడ్డలు. మేత బాగానే తింటోంది. మా అత్త దిష్టి అంటోంది. ఆ చన్ను పోయినట్టేనా?
– ఒక పాడి రైతు, పలమనేరు

జవాబు: పోయిందని ఇప్పుడే అనుకోకండమ్మా. ఇది పొదుగువాపు. దిష్టి తీస్తే తీయండి, నష్టం లేదు. కానీ మందు మధ్యలో ఆపడమే మీకు జరిగిన నష్టం. వాపు తగ్గినంత మాత్రాన లోపల సూక్ష్మజీవులు పోయినట్టు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక గేదెకు వాపు తగ్గిందని మిగిలిన ట్యూబు దాచుకోమన్నాను, ఇంకోసారికి పనికొస్తుందని. ఆ ఇంకోసారి వారంలోనే వచ్చింది!

ఈసారి ట్యూబు ఎక్కించకముందే ఆ చన్ను పాలు పరీక్షకు పంపండి. చన్ను మొన స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి నాలుగు ధారలు వదిలేసి, ఆసుపత్రిలో ఇచ్చే శుభ్రమైన సీసాలో పట్టి, ఐసులో పెట్టి తీసుకెళ్లండి. ఏ మందుకు లొంగుతుందో తెలిశాక డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాలి. ఒక ట్యూబును రెండు చన్నులకు పంచొద్దు. మందు రక్తంలోనూ కలుస్తుంది కాబట్టి, పాలు వాడకూడదని మందు పెట్టె మీద రాసిన గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయకూడదు. బాధగానే ఉంటుంది, తెలుసు. ఆ పాలు దూడకూ పట్టొద్దు, కొట్టంలోనూ పారబోయొద్దు.

కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి నూరి పొదుగుకు పూసే పద్ధతి మీరు వినే ఉంటారు. పూయండి. ట్యూబు మానేసి మాత్రం కాదు.

ఇక నా అసలు అనుమానం మిగిలిన మూడు చన్నుల మీద, రెండో ఆవు మీద. పైకి వాపు లేకుండానే లోపల జబ్బు ఉండొచ్చు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలపండి. ఒక్కో చన్ను పాలు విడిగా పట్టి, అంతే సబ్బు నీళ్లు పోసి తిప్పండి. జిగురులా చిక్కబడిందంటే ఆ చన్నూ డాక్టరుకు చూపించాల్సిందే.

ఒంటికి జ్వరం, మేత మానడం, పాలు నీళ్లలా రావడం, పొదుగు చల్లబడి నల్లబడటం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

చన్ను సంగతి అడిగారు. లోపల గట్టి గడ్డ కట్టి ఉంటే ఈ ఈతలో పాలు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వట్టిపోయే ముందు చివరి పితుకుడు తర్వాత నాలుగు చన్నులకూ వేసే మందు ఒకటుంది. దాని గురించి డాక్టర్ని అడగండి. వచ్చే ఈతకు కోలుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అంతదాకా ఈ ఆవును చివర్లో పితకండి. పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచి, మేత వేసి అరగంట నిలబెట్టండి. అప్పటికింకా చన్ను రంధ్రం మూసుకోదు, పడుకుంటే పేడ అంటుతుంది.

ఒక్కటి మాత్రం మీ ఉత్తరంలో లేదు. పాలు పితికేది ఎవరు? బొటనవేలు మడిచి పితుకుతున్నారా? అలాగైతే చన్ను లోపల దెబ్బ తింటుంది. ఈసారి గుప్పిట నిండా పట్టి పితకమనండి.