టోయింగ్ బండి కొనడానికి ముందు ఒక ఏడాది

ప్రశ్న: మాది సూర్యాపేట. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పూర్తిచేశాడు. హైవే మీద టోయింగ్ పని చేస్తానని, ఆగిపోయిన కారును పైకెక్కించుకుని తీసుకెళ్లే పాత ఫ్లాట్‌బెడ్ బండి ఒకటి అమ్మకానికి ఉంది కాబట్టి అప్పు తెచ్చి కొనమని పట్టుబడుతున్నాడు. ఇది నమ్ముకోదగిన పనేనా? – ఒక తండ్రి

జవాబు: పని నమ్ముకోదగినదే, అప్పు విషయంలోనే తొందర వద్దు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి, ఆగిపోయిన కార్లకు అక్కడ కొదవ ఉండదు. అయితే మీ ఉత్తరంలో బండి కొనే మాటే ఉంది గాని, ఎదుటివారి కారును గీత పడకుండా దాని మీదికి ఎక్కించే మాట లేదు. ఈ వృత్తిలో డబ్బు ఇచ్చేది దానికే.

ముందు లైసెన్సు సంగతి. మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండి ఉండాలి. అంటే బండి ఈ రోజే కొన్నా మీ అబ్బాయి దాన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాలను ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. కానీ ఫ్లాట్‌బెడ్‌లలో అంతకన్నా బరువైనవి కూడా ఉంటాయి కాబట్టి అమ్మేవారి మాట పట్టుకోకుండా, ఆర్సీలో రాసి ఉన్న స్థూల బరువు (బండి, సరుకు కలిపి) చూసుకోండి.

20 ఏళ్లు నిండేదాకా మిగిలిన ఈ కాలాన్ని అతను టోయింగ్ నడిపే ఒకరి దగ్గర హెల్పర్‌గా గడపడం మంచిది. జీతం తక్కువే ఉంటుంది, నేర్చుకునేది మాత్రం చాలా ఉంటుంది. చాలా కార్లలో టోయింగ్ కొక్కెం డిక్కీలో, స్టెప్నీ దగ్గర ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత తీసి దాన్ని మరలో బిగించాలి. కొన్ని కార్లలో ఆ మర ఎడమవైపుకు తిప్పితేనే బిగుస్తుంది, అది తెలియని కుర్రవాడు బలవంతంగా తిప్పి మరనే పాడుచేస్తాడు. బ్యాటరీ కార్ల చక్రాలను నేల మీద దొర్లిస్తూ లాగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టి దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి, నాలుగు చక్రాలూ బెడ్ మీదే ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకూ ఇదే మంచి పద్ధతి. కారును బెడ్ మీదికి లాగే వించ్ తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా వచ్చి తగులుతుంది. కారును ముట్టుకోకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవడం కూడా పనిలో భాగమే, ఎందుకంటే పాత సొట్టను కొత్తదిగా చూపి గొడవపడేవారు ఎప్పుడో ఒకప్పుడు తగులుతారు.

ఈ పనిలో అసలు ప్రమాదం కారుతో కాదు, వెనుక నుంచి వచ్చే వాహనాలతో. రాత్రి పూట రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకోని, కోన్‌లు పెట్టని యజమాని ఎంత జీతం ఇస్తానన్నా అతని దగ్గర మీ అబ్బాయిని చేర్చవద్దు.

ఆదాయం విషయానికి వస్తే, బీమా, రోడ్ సైడ్ అసిస్టెన్స్ కంపెనీల ద్వారా వచ్చే పనికి కేసుకు ఇంత అని కట్టిస్తారు, బిల్లు చేతికి రావడానికి ఆలస్యం కావచ్చు. ఖాళీగా తిరిగి వచ్చే కిలోమీటర్లకు డీజిల్ మాత్రం మీ జేబులోంచే పోతుంది. ఈ రెండు లెక్కలూ వాయిదాల భారంతో కలిపి చూడకుండా అప్పు చేయకండి. ఎక్కించిన కారుకు దెబ్బ తగిలితే నష్టం ఎవరు భరించాలో బీమా కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ముద్ర రుణంలో తరుణ్ విభాగం కింద 10 లక్షల వరకు ఇస్తారు, ఏడాది అనుభవం ఉంటే బ్యాంకుతో మాట్లాడేటప్పుడు కాస్త బలం ఉంటుంది.

ఎలాగూ ఆ పాత బండిని చూడాలనుకుంటే, అబ్బాయిని వెంట తీసుకెళ్లి వించ్ తాడు చివరిదాకా విప్పించి పోగులు తెగాయేమో అతన్నే చూడమనండి. తరువాత బెడ్ మీద ఒక కారు ఎక్కించి, బెడ్‌ను పైకి లేపి పావుగంట అలాగే ఉంచమనండి. అది మెల్లగా కిందికి జారుతోందంటే బెడ్‌ను లేపే హైడ్రాలిక్ సీళ్లు అరిగిపోయి ఉండవచ్చు, ఇక ధర మాట్లాడకుండా తిరిగి వచ్చేయండి.