వీధిలో గారడీ చేసి ఇల్లు నడపొచ్చా?

"మ్యాజిక్ బాగా వచ్చు. ఉద్యోగం వెతక్కుండా వీధిలో ప్రదర్శనలు ఇస్తూ బతకొచ్చా?" అని అడిగారు. బతకొచ్చు. విశాఖలో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది అదే, ఇద్దరు పిల్లల్ని దీని మీదే చదివిస్తున్నాను. వానాకాలంలో మాత్రం బర్త్‌డేలు, స్కూల్ ఫంక్షన్లు లేకపోతే గడవదు. మీరు మ్యాజిక్ గురించి అడిగారు గానీ నేను జనం గురించి చెప్తాను. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

జనం ఉన్న ప్రతిచోటా ఆట కట్టదు. సింహాచలం గిరి ప్రదక్షిణకు లక్షల మంది వస్తారు, కానీ 32 కిలోమీటర్లు నడవాల్సిన మనిషి మీ కోసం ఆగడు. నేవీ డే విన్యాసాలు మన బీచ్‌లో జరిగిన డిసెంబర్ 4 సాయంత్రాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం, అందరి చూపూ సముద్రం మీదే. నాకు అన్నం పెట్టింది ఆర్కే బీచ్‌లో మామూలు ఆదివారం సాయంత్రాలే. అక్కడికి పేకముక్కలు పట్టుకెళ్ళకండి, గాలికి నిలవవు. తాడు, నాణేలు, గిన్నెలు, బంతులు చాలు.

మా గురువుగారు పూర్ణా మార్కెట్ దగ్గర ఆడేవారు. "అసలు ఆట చూపించకముందే పళ్ళెం తిప్పరా. చూసేశాక ఎవడూ ఉండడు" అనేవారు. ఈ వృత్తిలో ఎవరినడిగినా ఇదే చెప్తారు. పన్నెండేళ్ళు నేనూ అలాగే చేశాను.

ఒక ఆదివారం సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా ఆడుతున్నాను. చుట్టూ యాభై అరవై మంది. తాడు రెండు ముక్కలు చేసి, కొసలు ఒక పాప చేతికిచ్చి, పళ్ళెం తీశాను. అప్పుడే వాన మొదలైంది. నిమిషంలో అందరూ చెల్లాచెదురు. పళ్ళెంలో నలభై రూపాయలు కూడా లేవు. మురీ మిక్చర్ అమ్మే ఒకావిడ మమ్మల్ని బండి మీద కట్టిన టార్పాలిన్ కిందికి పిలిచింది. నేను, ఆవిడ, ఆ పాప, వాళ్ళ నాన్న. పాప తాడు వదల్లేదు.

"అతికించి చూపించెయ్యి బాబూ. నేకపోతే ఈ గుంటకి రాత్రి నిద్దర పట్టదు" అంది ఆవిడ.

డప్పు లేదు, మాటలు లేవు, ఊరికే అతికించాను. పాప లాగి చూసింది, మళ్ళీ లాగింది, ముడి ఎక్కడుందోనని వేళ్ళతో తడిమింది. వాళ్ళ నాన్న రెండు వంద నోట్లు తీశాడు. విసరలేదు, వంగి పళ్ళెంలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆట పూర్తయ్యాకే పళ్ళెం తిప్పుతున్నాను. కొందరు వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి. ఉన్నవాళ్ళు ఇచ్చేదే ఎక్కువ. లెక్క రాసుకోలేదు గానీ ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

ఇప్పుడు పెద్ద బాధ ఫోన్లు. రెండు చేతులూ వీడియోకే పోతే చప్పట్లు కొట్టేదెవరు? చప్పట్లు వినబడకపోతే దారిన పోయేవాడు తిరిగి చూడడు. క్యూఆర్ కోడ్ పెట్టాక "చిల్లర లేదు" అనే మాట పోయింది, దాంతోపాటే పిల్లలు పరిగెత్తుకొచ్చి నాణెం వేయడమూ పోయింది. ఆ ఒక్క పిల్లాణ్ణి చూసి పది మంది కదిలేవారు.

ఇంకొకటి, దీన్ని అడుక్కోవడం అనకండి. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాడి, ఆడి, జోస్యం చెప్పి డబ్బు అడిగేవాళ్ళని కూడా భిక్షగాళ్ళలోనే కలిపేసింది. ఢిల్లీలోనూ అదే అమలైంది. 2018లో అక్కడి హైకోర్టు అందులోని చాలా సెక్షన్లు కొట్టేసింది. ఆ తర్వాత కూడా ఇక్కడ ఒక యూనిఫాం మనిషి "ముష్టోళ్ళని ఉండనివ్వం" అంటూ నా పెట్టెను తన్నాడు. అందులో మా గురువుగారి ఇత్తడి గిన్నెలున్నాయి, ఒకటి సొట్టపోయింది. ఆ సొట్టను నా వైపు తిప్పుకుని ఇప్పటికీ వాటితోనే ఆడుతున్నాను.

మీరు మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం సాయంత్రం ఐదింటికి బీచ్‌కి రండి. నా చేతుల్ని చూడొద్దు. జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎప్పుడు కదులుతున్నారో చూడండి.