పన్నెండో పేజీలో హంతకుడు

తమ్మీ,

నువ్వు పంపిన రివ్యూ చదివాను. ‘ఉత్కంఠభరితం’ నాలుగుసార్లు వచ్చింది, ‘ఏకబిగిన చదివించింది’ రెండుసార్లు. సరే, చదివించింది. ఎట్లా చదివించిందో ఎక్కడా రాయలేదు. రేపు డిటెక్టివ్ నవలలు రాస్తానంటున్నవాడివి, నీకు కావాల్సింది ఆ ‘ఎట్లా’నే కదా.

నా చిన్నప్పుడు హనుమకొండలో మా ఇంటి దగ్గర పుస్తకాలు కిరాయికిచ్చే షాపు ఉండేది. అక్కడి నవలల్లో సగానికి అట్టలుండవు, కొన్నింటికి ఆఖరి పేజీలే ఉండవు. ఒకసారి తెచ్చుకున్న నవల పన్నెండో పేజీలో, డ్రైవర్ పేరు కింద బాల్‌పెన్నుతో గీత గీసి ‘చంపింది వీడే’ అని రాసిపెట్టాడు ఎవడో పుణ్యాత్ముడు. వాణ్ణి తిట్టుకుంటూనే, కిరాయి కట్టాం కదా అని చివరిదాకా చదివాను. చూస్తే డ్రైవర్ ప్రతి అధ్యాయంలోనూ ఉన్నాడు! కారు తలుపు తీస్తాడు, టీ తెస్తాడు. హత్య జరిగిన రాత్రి చుక్క వాన లేదు, తెల్లారి వరండాలో తడి గొడుగు ఆరేస్తున్నాడు. ఆ వాక్యం అయ్యీ అవగానే రచయిత అత్తాకోడళ్ల మధ్య పెద్ద గొడవ పెట్టాడు. మన చూపు గొడవ మీదికి పోతుంది, గొడుగు అక్కడే ఉండిపోతుంది.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ఆయనా ఈ నవలలు రాసినవాడే. నేరస్థుడి ప్రస్తావన కథ తొలి భాగంలోనే రావాలన్నది అందులో మొదటిది. అది నేను చాలా ఏళ్లకు చదివాను. అప్పటికే ఆ బాల్‌పెన్ను వాడు నేర్పేశాడు.

అందుకే ప్రతి నవలా రెండుసార్లు చదువు. రెండోసారి హంతకుడెవరో తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు, వాణ్ణి ఎక్కడెక్కడ దాచారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. రివ్యూలో మాత్రం పేరు బయటపెట్టకు. ‘వెనక్కి తిప్పి చూస్తే ఆనవాళ్లన్నీ ఉన్నాయి’ అంటే చాలు, చదివేవాడికి నమ్మకం కుదురుతుంది.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన పాత నవలలు దొరికితే వదలకు. ఏ వారం ఎక్కడ ఆపారో పుస్తకంలోనూ తెలిసిపోతుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది, తర్వాతి అధ్యాయంలో తీసి చూస్తే పక్కింటాయన. వారమంతా ఎదురుచూసిన పాఠకుడికి అది చెల్లింది. ఒకే రాత్రి చదివేవాడికి మూడో పక్కింటాయన దగ్గర ఒళ్లు మండుతుంది. అన్నట్టు, అట్లాంటివి వెతకడానికి రాజరాజనరేంద్ర భాషా నిలయానికి ఎప్పుడైనా వెళ్లావా? 1904లో పెట్టిన గ్రంథాలయం, మన ఊళ్లోనే ఉంది.

ఇక నా తప్పొకటి. ఓ చిన్న పత్రికలో ఒకాయన దయ్యాల నవలను చీల్చి చెండాడాను. ‘ఎక్కడా భయం పుట్టలేదు’ అన్న వాక్యం రాసినప్పుడు తెగ మురిసిపోయాను కూడా. నెల తర్వాత చౌరస్తా దగ్గర కనబడి, ఆయనే టీ ఇప్పించి అడిగాడు: “ఏ పేజీలో తేలిపోయిందన్నా?” అరవై పేజీల తర్వాత నేను తిరగేసానే గానీ చదవలేదు. “ఓవరాల్‌గా...” అన్నాను. “ఓవరాల్‌ను ఎట్ల దిద్దుకోవాలె?” అన్నాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు. ఆ టీ గొంతు దిగలేదు.

దోస్తుల పుస్తకాలకు రివ్యూ రాయకు. ఫోన్ చేసి చెప్పెయ్. మన దగ్గర రాసేవాళ్లంతా ఒకరికొకరు ఎదురుపడేవాళ్లే, మొహమాటంతో రాసింది ఇట్టే తెలిసిపోతుంది.

ఆ రివ్యూ పేజీ నంబర్లతో మళ్లీ రాసి పంపు. దాంతోపాటు పంపిన నీ కథ కూడా చదివాను. భద్రకాళి చెరువు కట్ట మీద శవం, తెల్లవారుజామున వాకింగ్‌కొచ్చిన రిటైర్డ్ లెక్కల సారు... మొదలు బాగుంది. కానీ పద్దెనిమిది పేజీల కథలో నీ హంతకుడు నాకు పదహారో పేజీలో కనబడ్డాడు. అంతకుముందు ఎక్కడున్నాడు?

మీ అన్న