శ్మశానంలో మా నాన్న సమాధి రాయి పీకేశారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి, నేను కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్నాను. నాన్న పోయినప్పుడు నేను పంపిన డబ్బులతో సమాధి కట్టించి నల్ల గ్రానైట్ పలక పెట్టించాం. మొన్న ఎండాకాలంలో శ్మశానం మెరక చేస్తామని పంచాయతీ తరఫున జేసీబీ వచ్చింది, అడ్డొచ్చిన రాళ్ళన్నీ పీకేశారు. నాన్న పలక రెండు ముక్కలైంది. తాతగారి రాయి అయితే అసలు కనపడలేదు, తర్వాత మా తమ్ముడు కాలవ రేవులో బట్టలుతికే బండ తిరగేసి చూస్తే దాని అడుగున తాతగారి పేరుందంట. అడిగితే స్థలం పంచాయతీది, రాళ్ళు పెట్టుకోమని మీకెవరు చెప్పారు అంటున్నారు. పక్కనున్న రొయ్యల చెరువు ఆయన గట్టు కూడా ఏటేటా లోపలికి జరుగుతోంది. మేం చెయ్యగలిగింది ఏమైనా ఉందా, మిగిలిన రాళ్ళయినా ఎలా కాపాడుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు "స్థలం పంచాయతీది" అన్నారు చూడండి, ఆ మాటకి జవాబు చెప్తాను, ఎందుకంటే మన వైపు ఊళ్ళల్లో చాలామంది ఆ ఒక్క మాట విని ఇంక మనదేం లేదనుకుని ఇంటికొచ్చేస్తున్నారు. స్థలం పంచాయతీదే, అందులో తప్పులేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం శ్మశాన పోరంబోకులు గ్రామ పంచాయతీకే దఖలు పడతాయి. కానీ అదే చట్టం 45వ సెక్షన్‌లో శ్మశానం ఏర్పాటు చెయ్యడం, దాని మంచిచెడ్డలు చూడటం పంచాయతీ బాధ్యత అని కూడా రాసుంది. అంటే ఆ నేల వాళ్ళ చేతిలో పెట్టింది ఊరి జనం కోసమే గానీ ఇష్టమొచ్చినట్టు దున్నుకోడానికి కాదు. మెరక చెయ్యడం తప్పని నేను అనను, మన కోనసీమలో వానాకాలం గొయ్యి తవ్వితే నీళ్ళూరతాయి, 2022 జులై వరదలో ఎన్ని లంకల్లో శ్మశానాలు మునిగాయో మీకూ తెలుసు, మట్టి తోలించాల్సిందే. తోలించే ముందు గ్రామసభలో చెప్పి, ఎవరి రాయి వాళ్ళు తీసి పక్కన పెట్టుకోడానికి నాలుగు రోజులు టైమిచ్చి ఉంటే సరిపోయేది. అది చెయ్యలేదు, మీ బాధంతా అక్కడే ఉంది.

ఇంక కేసు సంగతి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది, పాత 297 ఇప్పుడు 301వ సెక్షన్ అయింది. సమాధులున్న చోటు, అంత్యక్రియల కోసం కేటాయించిన చోటులోకి అక్రమంగా జొరబడి ఎవరి మనసైనా గాయపరిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గాయపరచాలనే ఉద్దేశం లేకపోయినా, గాయపడతారని తెలిసీ చేస్తే చాలు. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చెయ్యగలిగిన సెక్షన్, బెయిలబుల్. రాయి ఎవరి సొత్తు అన్న గొడవతో దీనికి పనిలేదు.

కానీ మీ కేసులో ఒక చిక్కుంది, ముందే చెప్తే మంచిది. కాంట్రాక్టర్ కోర్టుకొచ్చి "నన్ను పంచాయతీ పిలిచింది, పని చెప్పింది, నేను జొరబడ్డదెక్కడ, రాళ్ళు ఎవరివో నాకేం తెలుసు" అంటాడు, గ్యారంటీగా అంటాడు. అందుకని కేసంతా ఒక్క పాయింటు మీద నిలబడుతుంది, ఆ రోజు ఎవరైనా వెళ్ళి "బాబూ ఆపండి, సమాధులున్నాయి" అని చెప్పారా, చెప్పాక కూడా మిషను ఆపలేదా అని. చెప్పిన మనిషి దొరికితే, ఎవరి ఫోన్లోనైనా ఆ వీడియో ఉంటే, తెలిసీ చేశాడని చూపించొచ్చు. మీ తమ్ముణ్ణి ముందు ఆ మనుషుల్ని వెతకమనండి, తక్కినవన్నీ తర్వాత.

దీనికి తోడు అదే సంహితలో 324వ సెక్షన్, అంటే ఆస్తికి నష్టం చెయ్యడం. ఇక్కడ శిక్ష నష్టం ఎంతో చూసి మారుతుంది, ఇరవై వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ళ దాకా, లక్ష, ఆ పైన అయితే అయిదేళ్ళ దాకా. గ్రానైట్ షాపు బిల్లు, చెక్కినవాళ్ళకి ఇచ్చిన డబ్బు, మీరు కువైట్ నుంచి పంపిన రెమిటెన్స్ స్లిప్పు, ఇవన్నీ ఉంటే తీసి పెట్టుకోండి. బిల్లు పోతే షాపాయన్ని అడిగితే పాత పుస్తకం చూసి రాసిస్తాడు చాలాసార్లు.

టైము మాత్రం మర్చిపోకండి. 301కి శిక్ష ఏడాదే కాబట్టి, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 514వ సెక్షన్ ప్రకారం జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే కోర్టు ఆ కేసు తీసుకోదు, ఆలస్యానికి సరైన కారణం చూపించి కోర్టుని ఒప్పించుకోగలిగితే తప్ప. ఎఫ్ఐఆర్ కట్టిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. ఈ సారి క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చూద్దాంలే, పెద్దమనుషులు మాట్లాడతానన్నారులే అని కూర్చుంటే ఎండాకాలం మళ్ళీ వచ్చేస్తుంది. పెద్దమనుషులతో మాట్లాడండి, వద్దనడం లేదు, ఫిర్యాదు కాగితం స్టేషన్లో ఇచ్చి మాట్లాడండి. స్టేషన్లో తీసుకోకపోతే అదే కాగితం ఆ సురక్షా సంహితలోనే 173(4) కింద ఎస్పీగారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాలి, అక్కడా కదలకపోతే రాజోలు మేజిస్ట్రేట్ కోర్టులో వేసుకోవచ్చు. కువైట్ నుంచి మీరు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు గానీ మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలని రూలుంది, అది మీకు కుదరని పని, అందుకే మీ తమ్ముడో మీ అమ్మగారో సంతకం పెట్టి ఇవ్వడమే మేలు.

తాతగారి రాయి రేవులో దొరికిందన్నారు, చదువుతుంటే నాకే మనసు అదోలా అయిపోయింది. అయినా ఒక మాట వినండి, దొంగతనం కేసు పెట్టేయాలని తొందరపడకండి. జేసీబీ తీసిన మట్టి, రాళ్ళు ట్రాక్టర్‌లో వేసి కాలవ గట్టున పోసేస్తారు, అందులో నున్నటి రాయి చూసి ఎవరో ఆడమనిషి ఉతుక్కోడానికి బాగుందని వేసుకుని ఉండొచ్చు, అక్షరాలు చూడకుండా. ఆవిడ మీద దొంగతనం సెక్షన్ 303 పెడితే ఊళ్ళో రేపు మీకు సాక్షి దొరకడు. మట్టి ఎక్కడ పొయ్యమని చెప్పిందెవరు అన్నది అసలు ప్రశ్న. అయితే ఆ రాయిని మీరే వెళ్ళి ఎత్తుకొచ్చేయకండి. రేవులో ఉన్నట్టే ఫోటో, వీడియో తియ్యండి, ఫిర్యాదులో రాయండి, వీఆర్వో, ఊళ్ళో ఇద్దరు మనుషుల ముందు పోలీసులతో పంచనామా రాయించాక తియ్యండి. ఫోటో తీసిన ఫోను అమ్మేయకండి, మార్చేయకండి, సాక్ష్య అధినియం, అంటే కోర్టులో సాక్ష్యాల చట్టం, 63వ సెక్షన్ ప్రకారం ఆ ఫోటోలకి సర్టిఫికెట్ జతచెయ్యాలి.

మీ ఊళ్ళో ఆ శ్మశానం ఎస్సీ పేటదైతే ఇంకో చట్టం కూడా చూడాలి. 1989 అట్రాసిటీ చట్టంలో ఎస్సీ, ఎస్టీలు పవిత్రంగా చూసుకునే వస్తువుల్ని పాడుచెయ్యడం, వాళ్ళని శ్మశానం వాడుకోనివ్వకపోవడం వేరే నేరాలుగా ఉన్నాయి, ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళు. కానీ క్రైస్తవంలోకి మారినవాళ్ళు ఈ చట్టం వాడుకోలేరని మన ఆంధ్ర హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. మీ కుటుంబం సర్టిఫికెట్లలో ఎలా ఉందో, చర్చికి వెళ్తారో లేదో మీరు రాయలేదు కాబట్టి అది మీ లాయర్‌తో విడిగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, కోపంలో ఫిర్యాదులో రాసేసుకునేది కాదు. 301, 324 మాత్రం ఏ కులం, ఏ మతం అయినా ఒకటే.

రొయ్యల చెరువు గట్టు సంగతి ఇంకా పెద్దది, ఎందుకంటే జేసీబీ ఒకసారి వచ్చి పోయింది, గట్టు మాత్రం రోజూ తింటూనే ఉంటుంది, పైగా ఉప్పునీరు నేలలోకి ఇంకి సమాధుల పునాదులు కూడా పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతాయి. దీనికి ముందు కాగితాలు కావాలి. శ్మశానం సర్వే నంబరు ఏంటి, విస్తీర్ణం ఎంత, ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత సర్వే భూముల రిజిస్టరు) ఏమని రాశారు, ఎఫ్ఎంబీలో (కొలతల పటాల పుస్తకం) హద్దులెక్కడ, 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టులో ఉందా లేదా. ఇవన్నీ తహసీల్దార్ ఆఫీసుకి ఆర్టీఐ పెట్టి అడగండి, మండల స్థాయిలో ఫీజు అయిదు రూపాయలు, పంచాయతీలో అయితే అదీ లేదు, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. పంచాయతీకి పెట్టే ఆర్టీఐలో మెరక పని తీర్మానం కాపీ, ఎస్టిమేటు, కాంట్రాక్టర్‌కి ఇచ్చిన వర్క్ ఆర్డరు కూడా అడిగెయ్యండి, పై కేసుకి పనికొస్తాయి. 2020 ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం కింద ఆ చెరువుకి లైసెన్సు ఉందా అని మత్స్యశాఖని కూడా అడగండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త రికార్డులో శ్మశానం విస్తీర్ణం తగ్గిందేమో తప్పకుండా చూసుకోండి, అక్కడ తగ్గితే తర్వాత గట్టుని కదపడం చాలా కష్టం.

కొలిపించి, గట్టు లోపలికి వచ్చిందని తేలితే 1905 భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దార్ నోటీసిచ్చి ఖాళీ చేయించాలి. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూములు ఆక్రమించినవాళ్ళు ఎన్నేళ్ళయినా, ఎంత ఖర్చుపెట్టినా ఖాళీ చేయించాల్సిందే అని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, ఆ తీర్పు పేరు అర్జీలో రాయండి. సోమవారం అమలాపురం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరూ కదలకపోతే కొంతమంది కుటుంబాలు కలిసి సీపీసీ (సివిల్ కేసులు నడిపే చట్టం) ఆర్డర్ 1 రూల్ 8 కింద ఊరందరి తరఫునా ఇంజంక్షన్ సూటు, అంటే ఆక్రమణ ఆపమని ఆర్డరు అడిగే దావా వెయ్యొచ్చు, లేదా హైకోర్టులో రిట్. ఖర్చుకి భయపడకండి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు, మీ అమ్మగారి పేరుమీద అడగొచ్చు.

మిగిలిన రాళ్ళ గురించి అడిగారు, నిజానికి ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న అది. కోర్టులో మా లాయర్లం ఓడిపోయే చోటు ఎక్కడో తెలుసా, అక్కడ రాయి ఉండేదని చూపించలేకపోవడం. సమాధుల పండక్కి నవంబర్ 2న అందరూ వెళ్ళి కడిగి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు పెడతారు కదా, ఈసారి ఆ రోజే ఒక పుస్తకం పట్టుకెళ్ళండి. వరుసవారీగా ప్రతి రాయి మీద పేరు, తేదీలు, ఏ కుటుంబం, ఏ పక్కన ఏముంది అన్నీ రాసి, ఫోటో తీసి, ఆ కుటుంబం మనిషితో సంతకం పెట్టించండి. పాత రాళ్ళ మీద అక్షరాలు చదవలేకపోతే పొద్దున్నే ఏటవాలు ఎండలో తియ్యండి, మధ్యాహ్నం కనపడని పేరు అప్పుడు కనపడుతుంది. దయచేసి అక్షరాల మీద సున్నం కొట్టకండి, ఏటేటా కొట్టి కొట్టి పేరే పూడిపోతుంది, ఆసిడ్ పోసి కడగకండి, మంచినీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. ఆ లిస్టు రెండు కాపీలు తీసి ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి ముద్ర వేయించుకోండి, గ్రామసభలో "శ్మశానంలో ఏ పని చేసినా ముందు నోటీసు, రాళ్ళ లిస్టు ప్రకారమే" అని తీర్మానం రాయించండి. ఆ కాగితం వాళ్ళ ఫైల్లో ఉన్నాక మళ్ళీ జేసీబీ వస్తే "మాకు తెలియదు" అనే మాట ఎవరూ అనలేరు, 301లో ఆ తెలిసీ అన్న పాయింటు మీకు అప్పుడు రెడీగా ఉంటుంది. స్థలం పంచాయతీది కాకుండా చర్చిదైతే ఇదే లిస్టు సంఘం కమిటీకి ఇవ్వాలి, ముస్లిం ఖబరస్తాన్ అయితే వక్ఫ్ బోర్డుకి.

వందేళ్ళు దాటిన రాళ్ళుంటే ఆర్కియాలజీ వాళ్ళు కాపాడతారని కొంతమంది చెప్తారు, ఊరికే కాపాడరు, ప్రభుత్వం రక్షిత కట్టడంగా నోటిఫై చేస్తేనే. అలాంటి రాయి ఉంటే ఫోటోతో వాళ్ళకి అర్జీ పెట్టడం మంచిదే గానీ దానిమీదే ఆశపెట్టుకోవద్దు.

సివిల్ సూటు మీ పేరుమీదే వెయ్యాలనుకుంటే మీ తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. కువైట్‌లో ఇండియన్ ఎంబసీలో అటెస్ట్ చేయించి పోస్టులో పంపండి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఆ కవరు మీద పోస్టు ముద్ర ఉంటుంది కాబట్టి కవరు కూడా పారెయ్యొద్దని తమ్ముడికి చెప్పండి.